నెమ్మదిగా పెరిగే నీటి మొక్కలకు ఎంత వెలుగు సరిపోతుంది? అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ పెంచుతున్నవారి అనుభవాలు

హంద్రీతీరం, కర్నూలు. ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు ఉన్న చేపల తొట్టిని మా ముందు గదిలో గత ఆగస్టులో ఏర్పాటు చేసుకున్నాను. అందులో డ్రిఫ్ట్‌వుడ్ మొద్దుకు కట్టిన రెండు అనూబియాస్ నానా మొక్కలు, ఒక జావా ఫెర్న్, ఇసుకలో నాటిన నాలుగు క్రిప్టోకొరైన్ వెండ్టీ మొక్కలు, ఎనిమిది చిన్న టెట్రా చేపలు ఉన్నాయి. మొక్కల కోసం నీటిలోకి వాయువు వదిలే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు.

మొదటి ఆరు నెలలు మొక్కలు పచ్చగానే ఉన్నాయి కానీ, అనూబియాస్ నెలకు ఒక ఆకు మించి వేయలేదు. ఆ సంగతి దుకాణంలో చెబితే వెలుగు చాలడం లేదని నిర్ధారించి 24 వాట్ల ఎల్ఈడీ దీపం ఇచ్చారు. ఫిబ్రవరి నుంచి దాన్ని రోజుకు 11 గంటలు వెలిగిస్తున్నాను. మొక్కలు అంతకుముందు ఎలా పెరిగేవో ఇప్పుడూ అలాగే పెరుగుతున్నాయి. కానీ అనూబియాస్ ఆకుల మీద గోటితో గీకినా రాని గట్టి ఆకుపచ్చ చుక్కలు, అంచుల వెంబడి నల్లని కుచ్చుల వంటి నాచు వచ్చాయి. పాత ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. ఇప్పుడు వెలుగు ఇంకా పెంచాలా, తగ్గించాలా? తగ్గిస్తే ఉన్న మొక్కలు కూడా చనిపోతాయేమోనని భయంగా ఉంది.

కేసీకాలువ, కర్నూలు. ఏప్రిల్ 6

నేను మూడేళ్లుగా సిలిండరు పెట్టి, ఎర్రని ఆకుల మొక్కలు పెంచుతున్నాను. నా అనుభవం ప్రకారం వెలుగు పెంచితే మొక్క ఎదుగుతుంది, ఎదిగే మొక్క నాచును తానే అణచివేస్తుంది. మీరు ఎరువు వేయకుండా వెలుగు ఒక్కటే పెంచినందువల్ల ఈ ఇబ్బంది వచ్చి ఉంటుంది. పొటాషియం, ఇనుము కలిసిన ద్రవ ఎరువు వారానికి ఒకసారి వేసి చూడండి. దీపాన్ని మాత్రం తగ్గించకండి.

నీటితోట, కడప. ఏప్రిల్ 7

కేసీకాలువ గారూ, మీ తొట్టికి ఆ మాట సరిపోతుంది, ఈ తొట్టికి సరిపోదని గౌరవంగా విన్నవించుకుంటున్నాను. కారణం కాస్త వివరంగా చెబుతాను.

మా తాతగారి కాలం నుంచి మాకు తమలపాకు తోట ఉండేది. తమలపాకు తీగను ఎవరూ బోడి నేలలో ఎండకు వదలరు. ముందు అవిసె నాటి, అది ఎదిగి నీడ పట్టిన తరువాతే దాని మొదట్లో తీగను పాకిస్తారు. అవిసె కొమ్మలను ఎక్కువగా నరికి ఎండ పడనిచ్చిన సాళ్లలో ఆకు పాలిపోయి, మందమై, కాలిన మచ్చలు పడేది. ఎండ పెరిగినందుకు ఆకు రెండింతలు వచ్చిన సందర్భం నేను ఒక్కటి కూడా చూడలేదు. నీడకు అలవాటు పడిన మొక్క వెలుగును వాడుకోగలిగిన మేరకే వాడుకుంటుంది, మిగిలినది దానికి భారమే.

అనూబియాస్ కూడా అటువంటిదే. అది మన చేమ, కంద ఉన్న కుటుంబానికి చెందిన మొక్క. పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల్లో వాగుల ఒడ్డున, పెద్ద చెట్ల నీడలో రాళ్లను, మొద్దులను పట్టుకుని పెరుగుతుంది. 1857లో షాట్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి ఈజిప్టువారి పరలోక దేవత అనూబిస్ పేరు పెట్టింది కూడా, ఇది చీకటి నీడల్లో ఉండే మొక్క కావడం వల్లనే. దాని ఆకు తోలులా దళసరిగా ఉండి, ఏడాదికి పైగా మొక్క మీద నిలుస్తుంది. నెలకొక ఆకు వేయడం దానికి సహజమైన వేగం. అది రోగ లక్షణం కాదు, ఆకలి లక్షణమూ కాదు. మీ మొక్క మొదటి ఆరు నెలలు ఆరోగ్యంగానే ఉంది, హంద్రీతీరం గారూ. లేని జబ్బుకు మందు వేయడం వల్ల ఈ సమస్య పుట్టింది.

ఇక నాచు సంగతి. వేగంగా పెరిగే మొక్క ఆకు కొన్ని వారాల్లోనే పాతబడి రాలుతుంది, లేదా మనమే కత్తిరిస్తాము. అనూబియాస్ ఆకు మాత్రం ఏడాది పొడవునా అదే చోట, అదే వెలుగు కింద ఉంటుంది కాబట్టి, నాచు స్థిరపడడానికి దానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. అందువల్ల నెమ్మదిగా పెరిగే మొక్కల తొట్టిలో వెలుగును మొక్క అవసరానికి మించనివ్వకపోవడం అన్నిటికంటే ముఖ్యమైన పని అని నా నమ్మకం.

కేసీకాలువ, కర్నూలు. ఏప్రిల్ 7

నీటితోట గారూ, తమలపాకు ఉదాహరణ బాగుంది. అయితే ఒక సందేహం. నా తొట్టిలో కూడా ముందు వరుసలో అనూబియాస్ ఉంది, దీపం హంద్రీతీరం గారి దీపం కంటే చాలా బలమైనది, అయినా దాని మీద నాచు లేదు. దీనికి ఏమంటారు?

వెలుగులెక్క, అనంతపురం. ఏప్రిల్ 8

నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ఈ ప్రశ్నకు సమాధానం మీరే మొదట రాసిన వాక్యంలో ఉంది, కేసీకాలువ గారూ. మీకు సిలిండరు ఉంది.

మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూ, తాను దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తూనే ఉంటుంది. వెలుగు ఒక కనీస స్థాయికి చేరినప్పుడు సంపాదన ఆ ఖర్చుకు సమానమవుతుంది. దానికి పైన ఉన్నదే పెరుగుదలకు మిగులు. నీడ మొక్కల్లో ఖర్చు తక్కువ కాబట్టి ఆ కనీస స్థాయి కూడా చాలా తక్కువగా ఉంటుంది. వెలుగును పెంచుతూ పోతే కొంతవరకు సంపాదన పెరుగుతుంది, ఆ తరువాత ఎంత పెంచినా పెరగదు. ఎందుకంటే అప్పటికి కొరత వెలుగుది కాదు, కార్బన్ డయాక్సైడ్‌ది. నీటిలో ఈ వాయువు వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. సిలిండరు లేని తొట్టిలో మొక్కకు అందేది అతి స్వల్పం. మీరు ఆ కొరతను తీర్చారు కాబట్టి మీ మొక్కలు బలమైన వెలుగును వాడుకుంటున్నాయి. హంద్రీతీరం గారి తొట్టిలో అదే వెలుగులో చాలా భాగం మొక్కకు అక్కరకు రాకుండా మిగిలిపోతుంది.

హంద్రీతీరం గారూ, వాట్లను బట్టి ఏదీ తేల్చలేము, అవి దీపం తినే కరెంటును మాత్రమే చెబుతాయి. ల్యూమెన్లు, లక్స్‌లు కూడా మనిషి కంటి కోసం చేసిన కొలతలు, మన కంటికి ఆకుపచ్చ కాంతి ఎక్కువ ప్రకాశంగా తోస్తుంది కాబట్టి దానికే అవి ఎక్కువ విలువనిస్తాయి. మొక్కల విషయంలో లెక్కించవలసినది, 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్లు పడుతున్నాయన్నది. మైక్రోమోల్ అంటే కాంతి కణాలను పెద్ద మొత్తాల్లో లెక్కించే ప్రమాణం, పది లక్షల మైక్రోమోళ్లు ఒక మోల్. దీనినే పార్ విలువ అంటున్నారు. ఆ మీటరు ఖరీదైనది. అయితే తెల్లని ఎల్ఈడీ కింద సుమారు 70 లక్స్‌ను ఒక మైక్రోమోల్‌గా తీసుకుంటే మన అవసరానికి చాలినంత దగ్గర లెక్క వస్తుంది. ఫోన్‌లో లక్స్ మీటరు యాప్ వేసుకుని, దీపాన్ని తొట్టి బయట పెట్టి, దీపానికీ అనూబియాస్‌కూ ఉన్న దూరంలోనే కొలవండి. ఫోన్ సెన్సర్ తెర పైభాగంలో, సెల్ఫీ కెమెరా పక్కన ఉంటుంది, అది దీపాన్ని చూసేలా పట్టుకోవాలి.

హంద్రీతీరం, కర్నూలు. ఏప్రిల్ 9

కొలిచాను. దీపం నుంచి అనూబియాస్ వరకు 12 అంగుళాలు. తెల్ల దీపాలు మాత్రమే వెలిగిస్తే 4,800 లక్స్ వచ్చింది. ఎరుపు, నీలం దీపాలు కూడా కలిపితే 5,300 చూపించింది. ఇన్నాళ్లూ అన్నీ కలిపే వెలిగిస్తున్నాను.

వెలుగులెక్క, అనంతపురం. ఏప్రిల్ 9

తెల్లనివాటితోనే సుమారు 68 మైక్రోమోళ్లు అయ్యాయి. ఎరుపు, నీలం కలిపినప్పుడు లక్స్ సంఖ్య కొద్దిగానే పెరిగినట్లు కనిపించినా, మొక్కకు చేరే కాంతి అంతకంటే చాలా ఎక్కువ పెరిగి ఉంటుంది. ఆ రంగులను లక్స్ మీటరు సరిగా లెక్కించలేదు. గులాబీ రంగులో వెలిగే దీపాలు కంటికి మసకగా ఉన్నాయి కదా అని చాలామంది గంటలు పెంచి దెబ్బతినేది ఇక్కడే.

సిలిండరు లేని తొట్టిలో ఈ మూడు రకాల మొక్కలకూ 15 నుంచి 30 మైక్రోమోళ్లు చాలు. ఇప్పుడు గంటలను కూడా కలిపి చూద్దాము. 68 మైక్రోమోళ్లు 11 గంటల పాటు పడితే రోజుకు చదరపు మీటరుకు సుమారు 2.7 మోళ్లు అవుతుంది. 28 మైక్రోమోళ్లు 7 గంటల పాటు పడితే సుమారు 0.7 మోళ్లు. అంటే తెల్ల దీపాలను మాత్రమే లెక్కించినా, మీ మొక్కలకు సరిపోయే దానికి దాదాపు నాలుగు రెట్లు ఇస్తున్నారు.

నీటితోట, కడప. ఏప్రిల్ 10

తగ్గించే పద్ధతి గురించి ఒక మాట. గంటలు మాత్రమే తగ్గించి తీవ్రతను అలాగే ఉంచితే సగం ఫలితమే వస్తుంది, ఎందుకంటే వెలిగినంతసేపూ ఆకు మోయలేనంత వెలుగు పడుతూనే ఉంటుంది. తీవ్రతను ముందు తగ్గించండి. డిమ్మరు లేకపోతే దీపాన్ని తొట్టి అంచు మీద నుంచి తీసి, పైన తీగతో వేలాడదీయండి. అదీ కుదరకపోతే దీపం గాజు మీద తెల్లని పలుచని బట్టను గానీ, దోమతెర గుడ్డను ఒకటి రెండు మడతలుగా గానీ కట్టండి. ఎల్ఈడీ వేడికి అది తగలకుండా చూసుకోవడం మాత్రం తప్పనిసరి. నీటిపై అంతరతామర రెండు మూడు మొక్కలు వేయడం మరో మార్గం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా తీసుకుంటుంది కాబట్టి వేగంగా పెరిగి, నీటిలో మిగిలిన పోషకాలను కూడా లాగేసుకుంటుంది. అయితే వారానికొకసారి తీసేయకపోతే నీటి పైభాగమంతా అదే ఆక్రమించి, అడుగున ఉన్న క్రిప్టోకొరైన్‌కు నిజంగానే చీకటి చేస్తుంది.

తగ్గింపును ఒక్క రోజులో పూర్తి చేయకండి. అనూబియాస్ తట్టుకుంటుంది కానీ క్రిప్టోకొరైన్ ఏ మార్పు ఎదురైనా ఆకులన్నీ కరగబెట్టుకునే స్వభావం కలది. రెండు వారాల్లో మెట్టుమెట్టుగా తగ్గించండి. ఒకవేళ ఆకులు కరిగినా వేళ్లను పీకేయవద్దు. కరిగిన ఆకులను తీసేసి, వేళ్లను కదపకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో కొత్త మొలకలు వస్తాయి. చనిపోయిందనుకుని బయట పారేసిన క్రిప్టోకొరైన్లలో చాలా వరకు బతికే ఉన్నవని నేను ఖచ్చితంగా చెప్పగలను.

అనూబియాస్, జావా ఫెర్న్‌ల కొమ్ము మీద ఇసుక పడిందేమో కూడా చూడండి. పసుపు కొమ్ములా అడ్డంగా పాకే ఆ కాండం పైకి కనబడుతూ ఉండాలి, పూడిస్తే కుళ్లుతుంది. కుళ్లు వల్ల ఆకు పసుపు రంగుకు మారితే దాన్ని వెలుగు కొరతగా పొరబడే ప్రమాదం ఉంది.

పెన్నాగట్టు, తాడిపత్రి. ఏప్రిల్ 12

ఈ చర్చ చదివిన తరువాత నా అనుభవం చెప్పాలనిపించింది, ఎందుకంటే నాది దీనికి తలకిందులైన కథ. నాకు కొలిచినప్పుడు దీపం సరిగ్గానే ఉంది, గంటలు 8. అయినా ఏడాది తిరిగేసరికి జావా ఫెర్న్ ఆకులు సన్నబడి, కొత్త ఆకులు రావడం ఆగిపోయింది. ఎరువు మార్చాను, మొక్క చోటు మార్చాను. చివరకు తెలిసిందేమిటంటే, తొట్టి మీద మూతగా వేసిన గాజు పలక అడుగు భాగమంతా తెల్లని పెచ్చు కట్టి ఉంది. మా బోరు నీరు చాలా కఠినమైనది. ఎండాకాలం నీరు బాగా ఆవిరై, ఆ ఆవిరితో పాటు గాలి బుడగలు చిమ్మిన తుంపరలు గాజు మీద ఆరిపోయి సున్నపు పొరగా పేరుకున్నాయి. రోజూ కొంచెం కొంచెంగా పెరిగినందువల్ల నా కంటికి తేడా తెలియలేదు. గాజు తీసి కొలిస్తే 2,100 లక్స్, వేసి కొలిస్తే 900. వెనిగర్‌తో తుడిచి, మంచినీటితో కడిగి పెట్టాను. రెండు నెలల్లో మొక్క కోలుకుంది.

మన ప్రాంతంలో బోరు నీరు వాడేవారు వెలుగు లెక్క వేసేటప్పుడు ఈ పొరను కూడా గుర్తుంచుకోవాలి. ఆవిరైన నీటిని ఆర్‌ఓ నీటితో నింపితే కాఠిన్యం పేరుకోదు. ఇదే సందర్భంలో, అనూబియాస్‌ను కట్టడానికి మన కడప బండ ముక్కలు, బేతంచెర్ల బండ ముక్కలు తొట్టిలో వేసేవారున్నారు. అవి సున్నపురాయి కాబట్టి నీటి కాఠిన్యాన్ని నెమ్మదిగా పెంచుతాయి. మెత్తని నీరు ఉన్నవారు ఆలోచించి వేయండి.

కొత్తనీరు, ప్రొద్దుటూరు. ఏప్రిల్ 20

పెద్దలకు నమస్కారం. నేను ఇంకా తొట్టి పెట్టలేదు. మా ఊళ్లో మే నెలలో ఇంట్లోని నీరు కూడా 32 డిగ్రీలు దాటుతుంది, కరెంటు కూడా ఒక్కోసారి మధ్యాహ్నమంతా ఉండదు. కరెంటు లేని గంటలకు బదులుగా రాత్రి దీపం వెలిగించవచ్చా? వేడికి వెలుగు పెంచాలా?

వెలుగులెక్క, అనంతపురం. ఏప్రిల్ 21

మంచి ప్రశ్న. వేడి పెరిగితే మొక్క శ్వాసక్రియ కూడా పెరుగుతుంది, అంటే ఖర్చు పెరుగుతుంది. తక్కువ వెలుగులో సంపాదన ఆ వేగంతో పెరగదు. కాబట్టి వేసవిలో మొక్క నీరసించడం సహజమే. కానీ దానికి విరుగుడు వెలుగు పెంచడం కాదు, నీటిని చల్లబరచడం. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మన సీమ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి కోస్తా ఊళ్లలో కంటే మనకు బాగా పనిచేస్తుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, ఫ్యాను వల్ల చేపలకూ మేలు జరుగుతుంది.

కరెంటు పోయిన గంటలను రాత్రి పూడ్చుకోవలసిన పని లేదు. నాచు మీద విసిగిపోయినవారు మూడు రోజులు తొట్టికి దుప్పటి కప్పి పూర్తి చీకటిలో ఉంచినా అనూబియాస్, జావా ఫెర్న్ చెక్కుచెదరవు. ఒక మధ్యాహ్నం చీకటి వాటికి లెక్కలోనిది కాదు. ఈ రోజు ఐదు గంటలు, రేపు పన్నెండు గంటలు అన్న క్రమరాహిత్యమే వద్దు. టైమరు పెట్టి, సాధారణంగా కరెంటు ఉండే సాయంత్రం వేళలను ఎంచుకోండి, మీరు కూర్చుని చూసుకునే సమయం కూడా అదే అవుతుంది.

హంద్రీతీరం, కర్నూలు. మే 18

ఆరు వారాల తరువాత పరిస్థితి రాస్తున్నాను. దీపాన్ని వేలాడదీసి దూరాన్ని 12 నుంచి 22 అంగుళాలకు పెంచాను. తెల్ల దీపాలు మాత్రమే, 2,000 లక్స్, సాయంత్రం 3 నుంచి రాత్రి 10 వరకు 7 గంటలు. నల్లని కుచ్చులు పట్టిన ఆకులను వారానికి రెండు చొప్పున కత్తిరించాను. క్రిప్టోకొరైన్లలో ఒకటి కరిగింది, నీటితోట గారు చెప్పినట్లు వేళ్లను కదపలేదు.

ఎడమవైపు అనూబియాస్ వేసిన కొత్త ఆకు మచ్చ లేకుండా ఉంది. కుడివైపు మొక్క కొత్త ఆకు మీద మాత్రం మళ్లీ ఆకుపచ్చ చుక్కలు మొదలయ్యాయి. దీపం రెండింటికీ సమాన దూరంలోనే ఉంది. ఈ తేడా ఎందుకో అర్థం కావడం లేదు.

నీటితోట, కడప. మే 18

కుడివైపు కిటికీ ఉందా? ఏ దిక్కు?

హంద్రీతీరం, కర్నూలు. మే 20

తూర్పు కిటికీ ఉంది. మీరు అడిగాక రెండు రోజులు పొద్దున్నే లేచి గమనించాను. 6.40 నుంచి దాదాపు ముప్పావుగంట సేపు ఎండ నేరుగా కుడి గాజు మీద పడుతోంది. ఆ చోట ఫోన్ పెడితే 20,000 లక్స్ దాటింది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉన్నప్పుడు ఈ ఎండ పక్క గోడ మీద పడేది, అందుకే ముందు గమనించలేదు. ఆ పక్క గాజుకు నల్లని అట్ట అతికించాను.

వెలుగులెక్క, అనంతపురం. మే 20

చాలా సంతోషం. ఎండకు లక్స్ మార్పిడి వేరు, సుమారు 54 లక్స్‌కు ఒక మైక్రోమోల్. ఆ లెక్కన 20,000 లక్స్ అంటే 370 మైక్రోమోళ్లు. ముప్పావుగంటలోనే రోజుకు కావలసిన దానికంటే ఎక్కువ, దాదాపు ఒక మోల్ ఆ మొక్క మీద పడుతోంది. మీ దీపం లెక్క సరిగ్గానే ఉంది.

కేసీకాలువ, కర్నూలు. మే 21

ఈ కొలతలు చూసిన తరువాత, మొదటి రోజు నేను ఇచ్చిన సలహా మీ తొట్టికి తగినది కాదని ఒప్పుకుంటున్నాను. ఎరువు విషయంలో మాత్రం నా మాట కొంత నిలబడుతుందని అనుకుంటున్నాను. గట్టి ఆకుపచ్చ చుక్కలు ఫాస్ఫేటు తక్కువైన తొట్టిలో ఎక్కువగా వస్తాయి. ఎనిమిది చిన్న చేపల మేత నుంచి వచ్చేది చాలకపోవచ్చు. వెలుగు తగ్గింది కాబట్టి ఎరువును సీసా మీద రాసిన మోతాదులో మూడో వంతు వేస్తే సరిపోతుంది. నెరైట్ నత్తలు రెండు వేసినా ఆ చుక్కలను కొంతవరకు తింటాయి.

కొత్తనీరు, ప్రొద్దుటూరు. జూన్ 29

నేను కూడా తొట్టి మొదలుపెట్టాను, 1,800 లక్స్, 7 గంటలు. జావా ఫెర్న్ ఆకుల అడుగున వరుసగా నల్లని చుక్కలు వచ్చాయి. వెలుగు తక్కువై కుళ్లుతోందా?

నీటితోట, కడప. జూన్ 29

ఆందోళన పడకండి. ఆకు అడుగున, నరాల మధ్య వరుసగా ఉబ్బెత్తుగా ఉంటే అవి ఫెర్న్ జాతికి సహజమైన సిద్ధబీజాల గుంపులు. కొన్నాళ్లకు ఆ ఆకు మీదనే వేళ్లతో సహా పిల్ల మొక్కలు వస్తాయి. అవి రెండంగుళాలు ఎదిగాక గిల్లి వేరే మొద్దుకు కట్టుకోవచ్చు. చుక్క మెత్తబడి, చుట్టూ ఆకు పారదర్శకంగా మారితే మాత్రమే కుళ్లు అని అనుమానించాలి.

హంద్రీతీరం, కర్నూలు. జూలై 12

ఏప్రిల్ నుంచి ఇప్పటివరకు ఎడమ అనూబియాస్ మూడు, కుడిది రెండు ఆకులు వేశాయి. అట్ట అతికించిన తరువాత వచ్చిన ఏ ఆకు మీదా చుక్క లేదు. కరిగిన క్రిప్టోకొరైన్ దగ్గర నాలుగు గోధుమ రంగు మొలకలు కనబడుతున్నాయి. కేసీకాలువ గారు చెప్పిన మూడో వంతు ఎరువు జూన్ నుంచి వేస్తున్నాను. పెన్నాగట్టు గారి మాట గుర్తుంచుకుని నిన్న మూత గాజు తీసి కొలిస్తే 2,000, వేసి కొలిస్తే 1,650 వచ్చింది. వెనిగర్‌తో తుడిచాక 1,900 అయింది. నెలకొకసారి తుడవాలని టైమరు పక్కనే కాగితం మీద రాసి అతికించాను. నాచు పట్టిన పాత ఆకులు ఇంకా రెండు ఉన్నాయి, కుడి మొక్క మూడో ఆకు విప్పుకోగానే వాటిని కత్తిరిస్తాను.